లోపలి అంచు

“ఇరవై నిమిషాలిస్తున్నాను,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “అదైనా మీ పాత ఉద్యోగానికి మర్యాదగా. ఈ కేసులో చూడ్డానికేం మిగల్లేదు.”

“ఎవరైనా చూసుంటేగా, మిగలకపోవడానికి,” అంది డిటెక్టివ్, సంచిలోంచి టార్చిలైటు తీస్తూ.

స్టేషన్ వెనక రేకుల షెడ్డు కింద తెల్ల కారు నుజ్జయి పడి ఉంది. తొమ్మిది రోజుల కిందట, శనివారం పొద్దున పదకొండూ ఇరవైకి, బైపాస్ రోడ్డు మీద దాని ఎడమవైపు ముందు టైరు పేలింది. కారు డివైడర్ని గుద్ది రెండు పల్టీలు కొట్టింది. వెనక సీట్లో ఉన్న కంటి డాక్టరమ్మ అక్కడికక్కడే చనిపోయింది. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ కారు నడిపిన డ్రైవరు విరిగిన చేత్తో బతికి బయటపడ్డాడు. టైర్లు చూసుకోకుండా యజమానురాలి ప్రాణం తీశాడని కేసు పెట్టి, అతన్ని ఈ స్టేషన్లోనే ఊచల వెనక కూర్చోబెట్టారు. అతని భార్య డిటెక్టివ్ గుమ్మంలో నిలబడి ఒకే ఒక్క మాట చెప్పింది.

“మా ఆయన నన్నైనా మర్చిపోతాడు గానీ కారు చక్రాల్ని మర్చిపోడమ్మా.”

ఆ మాటలో కన్నీళ్ళకన్నా పాత కోపం ఎక్కువగా వినిపించింది. అందుకే డిటెక్టివ్ నమ్మింది.

ఆమె ఇరవై ఆరేళ్ళు బ్రేక్ ఇన్‌స్పెక్టరుగా చేసింది. ఆఫీసులో వెనక నుంచి అందరూ ‘రబ్బరమ్మ’ అనేవాళ్ళు. ఆమెకి తెలుసు. టైరు పేలాక దాన్ని తిట్టుకునేవాళ్ళు, పేలకముందు ఒక్కసారి వంగి చూడలేని ఈ పెద్దమనుషులు, తనని ఏమని పిలిస్తే మాత్రమేం అనుకునేది. ఉద్యోగం వదిలి ఈ పనిలోకి వచ్చాక కూడా మనుషుల మీద ఆమె అభిప్రాయం మారడానికి ఎవరూ సాయం చేయలేదు.

పేలిన చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. టైరు బయటి అంచులో గాట్లు లోతుగానే ఉన్నాయి. కొలిచే పుల్ల పెట్టి చూసింది. ఐదు మిల్లీమీటర్లు. మధ్యలో మూడున్నర. లోపలి అంచుకి వెళ్ళేసరికి పుల్ల దిగలేదు. అక్కడ రబ్బరు లేదు, తీగలు బయటపడి ఉన్నాయి. పగులు ఆ తీగల దగ్గరే మొదలైంది.

“చూశారుగా,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఆమె నెత్తి మీద నిలబడి. “లోపలి అంచు గుండు కొట్టించినట్టుంది. చక్రాల అలైన్‌మెంట్ చేయించక రెండేళ్ళయ్యుంటుంది. మా రిపోర్టులో ఉన్నది అదే. ఇందులో డిటెక్టివ్ పనేముంది మేడం? టైర్ల దుకాణంలో కూర్చునేవాడు కూడా చెబుతాడు.”

“చెబుతాడు. అందుకే మీరు అతన్ని కూడా అడగలేదు.” ఆమె టైరు మీద అరచెయ్యి ఆనించి బయటి నుంచి లోపలికి రాసింది. మెత్తగా పోయింది. లోపలి నుంచి బయటికి రాస్తే రంపం మీద రాసినట్టు చర్మానికి గుచ్చుకుంది. “చక్రాలు రెండూ ముందు వైపు విచ్చుకుని నడిచిన బండి టైరు ఇది. రోడ్డు మీద దొర్లకుండా పక్కకి ఈడ్చుకుంటూ వెళ్ళింది. కనీసం ఏడెనిమిది వేల కిలోమీటర్లు.”

“నేను చెప్పిందీ అదేగా.”

“మరి కుడివైపు టైరు?”

ఇన్‌స్పెక్టర్ పెదవి విరిచాడు. ఆమె లేచి అటు వెళ్ళింది. కుడి టైరు బయట ఆరు, మధ్యలో ఆరు, లోపల ఆరు. అరచెయ్యి ఎటు రాసినా ఒకేలా పోయింది.

“ముందు చక్రాలు రెండూ ఒకే బండివైతే,” అంది ఆమె, “ఒకటి తీగల దాకా అరిగి, రెండోది కొత్తదానిలా ఎలా ఉంది?”

“రెండోది ఈమధ్యే మార్చాడేమో. ఒక్కటి మార్చి ఒకటి వదిలేసే పిసినారులు ఎంతమంది లేరు?”

ఆమె మళ్ళీ వంగింది. టార్చి రిమ్ముల లోపలికి వేసింది. చక్రం వణక్కుండా రిమ్ముకి అంటించే చిన్న చదరపు బరువులు మూడు చక్రాలకి మెరుస్తూ కనిపించాయి. ప్రతి బరువు మీదా పసుపు రంగు పెయింటు ఒక గీత గీసి ఉంది. పేలిన చక్రానికి మాత్రం పాత రకం సీసం ముక్క కొక్కెంలా తగిలించి, మట్టి పట్టి, తుప్పు మరకలతో ఉంది. పసుపు గీత లేదు. ఆ చక్రం నట్ల మీద మాత్రమే స్పానర్ పట్టిన కొత్త గీతలున్నాయి. మిగిలిన మూడు చక్రాల నట్ల మీద దుమ్ము కూడా కదల్లేదు.

కారు మీటరు మీద అంకె నలభై ఒక్క వేల ఏడొందల అరవై. రాసుకుంది.

“ఈ చక్రం ఈ కారుది కాదు,” అంది లేస్తూ. “ఎవరో రిమ్ముతో సహా మార్చారు. బయటికి పెద్దమనిషిలా కనపడే చక్రాన్ని ఏరి మరీ తెచ్చారు. నిలబడి చూస్తే ఏ డ్రైవరుకీ లోపలి అంచు కనపడదు.”

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. పక్కనున్న కానిస్టేబుల్ కూడా నవ్వాలో వద్దో తెలియక సగం నవ్వాడు.

“అంటే హత్య. ఆయుధం టైరు. మేడం, మీరు కోర్టులో ఈ మాట చెప్పేటప్పుడు నాకు కబురు పెట్టండి, సెలవు పెట్టి మరీ వస్తాను.” గడియారం చూసుకున్నాడు. “పదిహేడు నిమిషాలైంది. మిగతా మూడూ మీరే ఉంచుకోండి.”

*

అలైన్‌మెంట్ షాపు నడిపే మనిషిని అందరూ ‘సూది’ అంటారు. సన్నగా ఉంటాడని కొత్తవాళ్ళు అనుకుంటారు. ఒకసారి అతనితో మాట్లాడాక అసలు సంగతి తెలుస్తుంది.

డిటెక్టివ్ వెళ్ళేసరికి అతను ఒక కారు ఆసామిని నిలబెట్టి వాయిస్తున్నాడు.

“మధ్యలో అరిగింది. అంటే మీరు గాలి కుక్కి కుక్కి నింపుతున్నారు. బంతి అనుకున్నారా? కారు తలుపు పక్కన చీటీ మీద ఎంత గాలి పెట్టాలో కంపెనీవాడు రాశాడు. చదువుకున్నవాళ్ళేగా, చదవండి.” ఆ ఆసామి మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాక సూది ఆమె వైపు తిరిగాడు. “రోజూ ఇదే గోల మేడం. రెండంచులూ అరిగినవాడు గాలే పెట్టించడు. అక్కడక్కడ గుంటలు పడ్డవాడు షాక్ అబ్సార్బర్లు చచ్చిపోయినా తోలుతుంటాడు. ఒక్క అంచే అరిగినవాడు ఎక్కడో గుంతలో వేసి గుద్ది, స్టీరింగ్ పక్కకి లాగుతుంటే రోడ్డుది తప్పంటాడు. టైరు చూస్తే చాలు, వాడి బుద్ధి మొత్తం తెలుస్తుంది.”

“డాక్టరమ్మ డ్రైవరు బుద్ధి ఎలాంటిది?”

సూది చేతిలోని గుడ్డ బల్ల మీద పడేశాడు.

“వాడొక్కడే మనిషి,” అన్నాడు. “పదిహేను రోజులకోసారి, పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు గాలి చూసుకునేవాడు. వేడెక్కాక చూస్తే లెక్క తప్పుతుందని నేను ఒకసారి చెబితే చాలు, మళ్ళీ చెప్పించుకోలేదు. ఎనిమిది వేల కిలోమీటర్లకోసారి ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకీ మార్పించేవాడు. గుంతలో గట్టిగా పడితే ఆ వారమే తెచ్చి అలైన్‌మెంట్ చూపించేవాడు. అలాంటివాడు తీగలు కనపడే టైరు మీద డాక్టరమ్మని ఎక్కించాడంటే నా షాపు మూసుకోవాలి.”

“చివరిసారి ఎప్పుడొచ్చాడు?”

సూది ఇనప పెట్టెలోంచి కాగితాల కట్ట తీశాడు. మెషిను అచ్చువేసిన చీటీ. కింద అతని చేత్తో నాలుగు చక్రాల గాట్ల లోతు రాసి ఉంది. ఎడమ ముందు: ఆరు పాయింట్ రెండు. లోపల, మధ్య, బయట, మూడు చోట్లా అదే. ప్రమాదానికి పదమూడు రోజుల ముందు తేదీ. మీటరు నలభై ఒక్క వేల రెండొందలు.

“ఐదొందల అరవై కిలోమీటర్లు తిరిగింది,” అంది డిటెక్టివ్. “ఐదొందల అరవై కిలోమీటర్లలో ఆరు మిల్లీమీటర్ల రబ్బరు అరగాలంటే?”

“ఆకురాయి పెట్టి రుద్దాలి.”

“బ్యాలెన్సింగ్ కూడా చేశావా?”

“నాలుగింటికీ. అంటించే బరువులే వేశాను. ఒక్కోదాని మీద పసుపు పెయింటు గీత కొడతాను. లేకపోతే మర్నాడు వచ్చి ‘నీ బరువు ఊడిపోయింది, మళ్ళీ వెయ్యి’ అంటారు, ఎక్కడెక్కడివో చక్రాలు పట్టుకొచ్చి. ఈ ఊళ్ళో నేను తప్ప ఎవరూ గీత కొట్టరు. ఎవరికీ అంత అనుమానం లేదు, నాకుంది.”

“ఈ మాట పోలీసులకి చెప్పావా?”

“చెప్పడానికి వెళ్ళాను. డ్రైవరు నీకు బాబాయా అనడిగాడు ఇన్‌స్పెక్టర్. కాదన్నాను. అయితే నోరు మూసుకుని పో అన్నాడు.” సూది గుడ్డ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. “ఆయన బెల్టు చూశారా మేడం, ఒకవైపే అరిగింది. ఒకవైపే ఒరిగి కూర్చుంటాడన్నమాట.”

ఆమె చీటీ తీసుకుని సంచిలో పెట్టుకుంది. నవ్వలేదు గానీ, ఆ రోజు అంతవరకు కలిసినవాళ్ళలో ఈ ఒక్కడి మీదే ఆమెకి చిరాకు కలగలేదు.

*

కంటి ఆస్పత్రి వ్యవహారాలన్నీ డాక్టరమ్మ మరిది చూస్తాడు. ఆవిడ భర్త పోయి ఏడేళ్ళయింది. అప్పట్నుంచీ ఆపరేషన్లు వదినవి, కొనుగోళ్ళు, ఉద్యోగులు, కార్లు మరిదివి. రెండో అంతస్తులో అతని గదిలో బల్ల మీద ఒక్క కాగితం కూడా లేదు. పనిచేసేవాడి బల్ల అలా ఉండదని డిటెక్టివ్‌కి అనిపించింది.

“డ్రైవరు తరఫున వచ్చారా?” అన్నాడు అతను, కుర్చీ చూపించకుండా. “మా వదిన్ని చంపినవాడి తరఫున. బానే ఉంది.”

ఆమె తనే కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఆ శనివారం కారు ఎన్నింటికొచ్చింది?”

“ఎనిమిదిన్నరకి. వదిన పేషెంట్లని చూసి పదీ నలభైకి బయల్దేరింది. ఏదో మీటింగుకి.”

“ఏం మీటింగు?”

“డాక్టర్ల మీటింగు. నన్నడిగి వెళ్ళదుగా.”

“కారు ఆ రెండు గంటలూ సెల్లార్లోనే ఉంది. డ్రైవరు దాని దగ్గరే ఉంటాడు. కానీ తొమ్మిదీ ఐదు నుంచి పది దాకా లేడు. మూడో అంతస్తు నుంచి పాత ఫైళ్ళ పెట్టెలు కిందికి మోశాడు. లిఫ్టు దగ్గర పుస్తకంలో సంతకాలున్నాయి, వచ్చేటప్పుడు చూశాను. పద్నాలుగు పెట్టెలు. ఎవరు మొయ్యమన్నారు?”

“నేనే. జీతం ఇచ్చేది నేనే కాబట్టి.”

“మోసేవాళ్ళు నలుగురున్నారు మీ దగ్గర. యాభై ఎనిమిదేళ్ళ డ్రైవరే ఎందుకు?”

“ఖాళీగా కూర్చున్నాడు కాబట్టి.” అతను ఆమెని పురుగుని చూసినట్టు చూశాడు. “అమ్మా, మీరు ఒకప్పుడు లారీలాపి బ్రేకులు చూసేవారట కదా. ఇక్కడ లారీలు లేవు.”

“యాభై ఐదు నిమిషాలు,” అంది ఆమె, విననట్టే. “జాకీ పెట్టి రెండు కార్ల చక్రాలు మార్చుకోడానికి చేతనైనవాడికి పాతిక నిమిషాలు చాలు. చేతకానివాడికి యాభై ఐదు. డాక్టరమ్మ కారు బయల్దేరిన పావుగంటకే స్టీరింగ్ ఎడమకి లాగిందని డ్రైవరు చెప్పాడు. పొద్దున లాగలేదట. ఆపి చూస్తానంటే ఆవిడ ఆలస్యమవుతుంది పదమంది. ఆ టైరు పక్కగోడ లోపల నలిగిన వలయం ఉంది. అంటే గాలి కూడా తగ్గించి పంపారు. గాలి తక్కువ, తీగలు బయట, వందలో వెళ్ళే కారు. పేలకపోతే ఇంకోసారి ప్రయత్నించొచ్చు. పేలితే తప్పు డ్రైవరుది.”

“కథ బావుంది.”

“ఆస్పత్రికి ఒకే మోడల్ తెల్ల కార్లు మూడు కొన్నారు. ఒకటి డాక్టరమ్మది. ఒకటి మీది. మూడోదాని సంగతి తర్వాత, ముందు మీ కారు చూడాలి.”

అతను ఎలాంటి తొందరా లేకుండా ఫోను తీసి ఎవరికో రెండు ముక్కలు చెప్పాడు. తర్వాత లేచి తలుపు తీసి పట్టుకున్నాడు. అంత మర్యాద చూసేసరికి డిటెక్టివ్‌కి లోపల ఏదో తేడాగా అనిపించింది.

సెల్లార్లో అతని కారు మొదటి వరసలోనే ఉంది. ఆమె నాలుగు చక్రాలూ చూసింది. ముందు రెండూ నాలుగున్నర, వెనక రెండూ ఐదు. లోపల, మధ్య, బయట ఎక్కడా తేడా లేదు. అరచేతికి ఏదీ గుచ్చుకోలేదు. రిమ్ములకి పసుపు గీతలు లేవు. నట్లు ఈమధ్య ఎవరూ ముట్టుకోలేదు.

“అయిపోయిందా?” అన్నాడు మరిది. “వెనక స్టెప్నీ కూడా చూస్తారా? కింద దూరి చూడండి, బట్టలు పాడైతే ఇస్త్రీ డబ్బులు నేనిస్తాను.”

స్టెప్నీ కూడా చూసింది. అది ఎప్పుడూ వాడనే లేదు.

ర్యాంపు మీదుగా ఒక కారు దిగి వాళ్ళకి పది అడుగుల దూరంలో ఆగింది. ఇన్‌స్పెక్టర్ దిగాడు. జీపు బందోబస్తుకి వెళ్ళినట్టుంది, సొంత కారులో వచ్చాడు. తలుపు కూడా వేయకుండా నేరుగా ఆమె మీదికొచ్చాడు.

“ఏం మేడం, పరువుగల మనుషుల్ని బెదిరిస్తున్నారట. కారు కిందికి దూరుతున్నారట. దొరికిందా హంతకుడి చక్రం?”

“ఈయన కారులో లేదు.”

“లేదు. ఎక్కడా ఉండదు. ఎందుకంటే అలాంటిది లేదు కాబట్టి.” మరిది వైపు తిరిగి గొంతు తగ్గించాడు. “సారీ సార్. రిటైరైనవాళ్ళకి పొద్దు గడవక ఇలాంటివి. ఇంకోసారి రాకుండా నేను చూసుకుంటాను.”

డిటెక్టివ్ అతని మాట వినడం మానేసింది. అతని వెనక ఆగి ఉన్న కారుని చూస్తోంది. తెల్ల కారు. అదే మోడల్. ర్యాంపు దిగి ఆగినప్పుడు ముందు చక్రాలు పక్కకి తిరిగే ఉన్నాయి. అందుకని కుడి టైరు లోపలి అంచు బయటికే కనపడుతోంది. గాట్లు లేవు. నున్నగా, మధ్యలో సన్నటి మెరుపుతో ఉంది. ఆ మెరుపు తీగలది.

ఆమె ఇద్దర్నీ దాటుకుని వెళ్ళి ఎడమ చక్రం దగ్గర కూర్చుంది. టార్చి రిమ్ములోకి వేసింది.

చిన్న చదరపు బరువులు. ఒక్కోదాని మీద పసుపు గీత.

కొలిచే పుల్ల పెట్టింది. బయట ఆరు పాయింట్ రెండు. మధ్యలో ఆరు పాయింట్ రెండు. లోపల ఆరు. అరచెయ్యి లోపలి నుంచి బయటికి రాస్తే అప్పుడే గుచ్చుకోడం మొదలైంది.

“ఈ కారు మీదా ఇన్‌స్పెక్టర్ గారూ?”

“నాది కాక ఎవరిది?”

“దానికి ముందు?”

ఇన్‌స్పెక్టర్ టోపీ సర్దుకున్నాడు. “ఆస్పత్రిది. క్యాంపులకి తిప్పేవాళ్ళు. తక్కువలో ఇచ్చారు. మా ఆవిడ పేరు మీద ఉంది. అయితే ఏంటి?”

“ప్రమాదం జరిగిన శనివారం పొద్దున ఇది ఎక్కడుంది?”

అతను చెప్పబోయి ఆగాడు. ఆ ఆగడంలోనే అతని మొహం మారింది. “ఏసీ పనిచేయట్లేదంటే శుక్రవారం సాయంత్రం ఇక్కడ వదలమన్నారు,” అన్నాడు మెల్లగా. “శనివారం మధ్యాహ్నం తెచ్చుకున్నాను.”

ఆమె సంచిలోంచి సూది ఇచ్చిన చీటీ తీసి అతని చేతిలో పెట్టింది. “ఎడమ ముందు ఆరు పాయింట్ రెండు. పసుపు గీత. మీరు నోరు మూసుకుని పొమ్మన్నవాడు కొట్టిన గీత అది. తొమ్మిది రోజులుగా డాక్టరమ్మ చక్రం మీద తిరుగుతున్నారు మీరు. దాని బదులు మీ కారు చక్రం మీ స్టేషన్ వెనక షెడ్డులో పడి ఉంది. దాని మీద రిపోర్టు కూడా మీరే రాశారు.”

మరిది గొంతు సవరించుకున్నాడు. “ఇన్‌స్పెక్టర్ గారూ, ఇంతసేపు ఎందుకు? ఇక్కడ మనం ముగ్గురమే ఉన్నాం. చక్రం విప్పి మాయం చెయ్యడం ఐదు నిమిషాల పని.”

ఇన్‌స్పెక్టర్ అటు చూడలేదు. డిటెక్టివ్ ముందు చెయ్యి చాచాడు. ఆమెకి అర్థమై కొలిచే పుల్ల ఇచ్చింది. అతను యూనిఫారంతోనే కుడి చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, లోపలి అంచు మీద పుల్ల పెట్టాడు. ఒక చోట, ఇంకో చోట, మూడో చోట. ఎక్కడా దిగలేదు.

“ఈ కారులోనే మా ఆవిడ రోజూ పిల్లల్ని బడికి తీసుకెళ్తుంది,” అన్నాడు, తనలో తనే అనుకున్నట్టు. లేచి మరిది ఎదురుగా నిలబడ్డాడు. “ఇది ఇలా ఉందని నీకు తెలుసా?”

“తెలియకుండా ఎలా వాడుకుంటాను?” అన్నాడు మరిది. మాట బయటికొచ్చాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. తెలిశాక కూడా సర్దుకోలేదు. ఇన్నాళ్ళూ ఇన్‌స్పెక్టర్ ముందు వేసుకున్న మర్యాద ముసుగు తీసేసినట్టు చూశాడు. “నాకు ఒక్కటి చాలు, ఒక్కటే తీసుకున్నాను. ఊరికే వచ్చిన కారుకి చక్రాలు కూడా నేనే చూసిపెట్టాలా? ఒక్కసారి వంగి చూసుకోలేకపోయావా?”

ఇన్‌స్పెక్టర్ చెయ్యి లేచింది, మళ్ళీ దిగింది. ఫోను తీసి స్టేషన్‌కి కలిపాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళని ఆస్పత్రి సెల్లారుకి పంపమన్నాడు. ఫోను పెట్టేయబోతుంటే డిటెక్టివ్, “డ్రైవరు,” అంది. అతను మళ్ళీ ఫోను చెవికి పెట్టుకుని, “ఆ డ్రైవర్ని లాకప్పులోంచి తీసి కుర్చీలో కూర్చోబెట్టండి. చేతి కట్టు డాక్టరుకి చూపించండి,” అన్నాడు.

కారు బానెట్ మీద కాగితం పెట్టి చక్రం జప్తు చేసినట్టు రాయడం మొదలుపెట్టాడు. తేదీ రాశాడు. స్థలం రాశాడు. బండి నంబరు రాశాడు. యజమాని పేరు దగ్గర కలం ఆగిపోయింది.

“ఇది రాస్తే నా ఉద్యోగం పోతుంది,” అన్నాడు.

“పోనివ్వండి,” అంది డిటెక్టివ్. “నాకు తెలియనిది ఇంకొకటుంది. మీకు ఈ కారు ఎప్పుడొచ్చింది?”

“నలభై రోజుల కిందట.”

“డాక్టరమ్మ పోయి తొమ్మిది రోజులే. కేసు మాఫీ చేసినందుకు ఇచ్చిందైతే చావు తర్వాత రావాలి. నెల ముందే వచ్చింది. దేనికి?”

ఇన్‌స్పెక్టర్ కలం బానెట్ మీద పెట్టాడు. మరిది గోడకి ఆనుకుని, ఇదేదో తనకి సంబంధం లేని సంతలా చూస్తున్నాడు.

“కారు రావడానికి ముందు వారం డాక్టరమ్మ స్టేషన్‌కొచ్చింది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “గడువు దాటిన లెన్సులకి కొత్త లేబుళ్ళు అంటించి ఆపరేషన్లకి పంపుతున్నారని, ఏడుగురికి చూపు పోయిందని రాసి తెచ్చింది. మరిది పేరే రాసింది. రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టాను. తర్వాత కాగితం తీసుకుని, చూస్తాం వెళ్ళమన్నాను.”

“ఆ కాగితం?”

“నా బల్ల సొరుగులో ఉంది.”

“అయితే శనివారం ఆవిడ వెళ్తోంది డాక్టర్ల మీటింగుకి కాదు.”

“కాదు. మా పై అధికారి దగ్గరికి. నా మీద కూడా చెబుతానంది నాతోనే. శుక్రవారం పొద్దున ఫోను చేసి చెప్పింది, చాటుగా చేశానని అనకూడదని.” అతను కలం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. “వెళ్ళేది ఎన్నింటికో కూడా చెప్పింది.”

డిటెక్టివ్ టార్చిలైటు ఆర్పి సంచిలో పెట్టుకుంది. ఇరవై ఆరేళ్ళలో ఎన్నో బళ్ళని ఆపి, ఎంతోమంది మొహాలు చూసింది. ఇంత దగ్గర్నుంచి చూడాలనిపించని మొహం ఇదే.

“ఆ కబురు అదే రోజు ఈయనకి ఎవరు చెప్పారు?” అని అడిగింది.

ఇన్‌స్పెక్టర్ తలెత్తలేదు.

“నేనే,” అన్నాడు.

“అది కూడా రాయండి,” అంది ఆమె.